6.1 సీజీపీఏ, తొమ్మిది బ్యాక్‌లాగ్స్: ఎం.టెక్‌కి దారి ఉందా?

ముందు ఈ అబ్బాయి అడిగింది క్లుప్తంగా: "సార్, మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. 2024లో మెకానికల్ పూర్తయింది. సీజీపీఏ 6.1. మొదటి రెండేళ్లలో తొమ్మిది బ్యాక్‌లాగ్స్ పడ్డాయి, అన్నీ క్లియర్ చేశాను. చివరి మూడు సెమిస్టర్లలో 7.2 పైనే ఉంది. మేము బీసీ. ఇప్పుడు చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. ఎం.టెక్ గానీ, బయటి దేశంలో ఎంఎస్ గానీ చేయాలని ఉంది. ఈ మార్కులకి సీటెవరిస్తారని ఇంట్లో అంటున్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో 80 వేలు కడితే బ్యాక్‌లాగ్స్ కనపడకుండా చేసి, రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇప్పిస్తామంటున్నారు. నెలాఖరులోగా చెప్పమన్నారు. ఏం చేయమంటారు?"

తమ్ముడూ, నెలాఖరు అన్నావు కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను. ఆ 80 వేలు కట్టొద్దు. బ్యాక్‌లాగ్స్ కనపడకుండా చేస్తామంటే మార్కుల మెమోలు మారుస్తామనో, కొన్ని మెమోలు దాచేస్తామనో అర్థం. అమెరికా, కెనడాల్లో కొన్ని యూనివర్సిటీలు వెస్ లాంటి సంస్థతో మన మార్కులు లెక్క కట్టిస్తాయి. అక్కడికి ట్రాన్‌స్క్రిప్ట్ వెళ్లేది నీ చేతి మీదుగా కాదు, నీ యూనివర్సిటీ నుంచే వెళ్తుంది. ఇక వీసా దగ్గర దొంగ పత్రం బయటపడితే కెనడా 5 ఏళ్లు రానివ్వదు. అమెరికా చట్టంలో ఆ నిషేధానికి కాలపరిమితే లేదు. నీ బ్యాక్‌లాగ్స్ అన్నీ నువ్వు కూర్చుని, చదివి, పాసైనవి. వాటిని దాచడానికి డబ్బు కట్టి, లేని నేరం ఒకటి నెత్తికెత్తుకోవడమెందుకు? పైగా చీమకుర్తిలో నిజంగా పని చేస్తున్నవాడివి, దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తో నీకేం పని?

ఇప్పుడు అసలు విషయం. నేను నెల్లూరులో ఇంజనీరింగ్ కాలేజీలో పదిహేనేళ్లుగా మెకానికల్ చెబుతున్నాను. 2005లో నా బీటెక్ మార్కులు 57 శాతం. 2006లో ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాస్తే ఎక్కడి నుంచీ పిలుపు రాలేదు. 2007లో మళ్లీ రాసి, చెన్నైలో ఎంఎస్ రీసెర్చిలో చేరాను. అందుకే నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

తక్కువ మార్కులు అవతలి వాళ్లకి ఒక అనుమానం కలిగిస్తాయి: వీడికి సబ్జెక్టు వచ్చా, రెండేళ్లు నిలబడి చదవగలడా అని. కొన్ని చోట్ల ఆ అనుమానం తీర్చుకునే అవకాశమే నీకివ్వరు, నంబరు చూసి కంప్యూటరే పక్కన పెట్టేస్తుంది. కొన్ని చోట్ల మనిషిని పిలిచి అడుగుతారు. నువ్వు మొదట చేయాల్సింది ఏ గుమ్మం ఏ రకమో తెలుసుకోవడం. మా పిల్లలు చాలామంది దరఖాస్తు ఫీజులన్నీ నంబరు చూసే గుమ్మాల దగ్గరే పోసి, మనకి రాసిపెట్టి లేదని ఊరుకుంటారు.

ఎన్‌ఐటీల్లో ఎం.టెక్ సీట్లు సీసీఎంటీ కౌన్సెలింగ్ ద్వారా ఇస్తారు. అక్కడ జనరల్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్లకి 6.5 సీజీపీఏ లేదా 60 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకైతే 6.0 లేదా 55 శాతం. నువ్వు బీసీ కాబట్టి నీకు ఈ సడలింపు వర్తించదు. గేట్‌లో ఎంత మంచి స్కోరు తెచ్చుకున్నా 6.1తో ఆ గుమ్మం తెరుచుకోదు. ఇది బాధ కలిగించే మాటే, కానీ ముందే తెలిస్తే అక్కడ కాలం పోదు. ఐఐటీల్లో రెగ్యులర్ ఎం.టెక్‌కి ఏ ఐఐటీ నిబంధన ఆ ఐఐటీది, ఒక్కోసారి ఏ డిపార్ట్‌మెంట్‌ది ఆ డిపార్ట్‌మెంట్‌దే. బ్రోషర్‌లో కనీస అర్హత పేరా తెరిచి, ఒక్కో దానికి ఎదురుగా అవును, కాదు అని రాసుకో. ఒక సాయంత్రం పని అది.

మన రాష్ట్రంలో ఎం.టెక్ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీఈసెట్‌కి బీటెక్‌లో 50 శాతం చాలు, రిజర్వుడు వర్గాలకి 45. నీ సీజీపీఏని శాతంలోకి ఎలా మార్చాలో నీ యూనివర్సిటీ రెగ్యులేషన్ (నిబంధనల) పుస్తకంలో ఉంటుంది. జేఎన్‌టీయూల్లో సీజీపీఏలోంచి 0.5 గానీ 0.75 గానీ తీసేసి పదితో గుణించడం చూస్తుంటాం. అలా చూస్తే నీది 56 శాతమో 53.5 శాతమో అవుతుంది, ఎలా చూసినా అర్హుడివే. అయితే సీటు వస్తుంది కదా అని ఎక్కడో ఒకచోట చేరిపోవద్దు. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోనూ ఎం.టెక్ క్లాసులో నలుగురు కూడా లేని చోట్లు చూశాను. చేరే ముందు ఒకరోజు సెలవు పెట్టి ఆ కాలేజీకి వెళ్లు. ల్యాబ్ తాళం తీయించు. మిషన్ల మీద దుమ్ము ఎంతుందో చూడు. నీకు గైడ్‌గా ఉండబోయే ఆయన గత రెండేళ్లలో ఏం చేశారో అడుగు. తప్పేం కాదు, అడగొచ్చు. గేట్ క్వాలిఫై అయి ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న చోట చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ రెండేళ్లు వస్తుంది. గేట్ లేకుండా పీజీఈసెట్‌తో చేరితే అది రాదు. ఇంట్లో డబ్బు గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా పెద్దది.

కాబట్టి ఏ దారిలో వెళ్లినా గేట్ రాయాలి. గేట్ రాయడానికి కనీస మార్కుల నిబంధన లేదు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మెకానికల్ పేపర్‌లో వంద మార్కుల్లో ఆప్టిట్యూడ్‌కి 15, ఇంజనీరింగ్ మ్యాథ్స్‌కి సుమారు 13. అంటే నాలుగో వంతుకు పైగా మార్కులు మెకానికల్ సబ్జెక్టులకి బయటే ఉన్నాయి. మ్యాథ్స్‌లో కూడా బ్యాక్‌లాగ్ ఉంటే అదే ముందు పట్టుకో. మిగతా 72లో అన్ని సబ్జెక్టులూ పైపైన తిప్పొద్దు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, థర్మోడైనమిక్స్, మాన్యుఫాక్చరింగ్ గట్టిగా పట్టుకుంటే తర్వాత ఇంటర్వ్యూకి కూడా అవే అన్నం పెడతాయి. జవాబు నంబరుగా టైపు చేసే ప్రశ్నలకి నెగటివ్ మార్కులు లేవు, వాటిని ఖాళీగా వదలకు. పాఠాలకి ఐఐటీల ఆన్‌లైన్ వీడియోలు, ఎన్‌పీటీఈఎల్, ఉచితంగా ఉన్నాయి. కోచింగ్‌కి హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో ఉంటేనే వస్తుందనుకోవద్దు. ఉద్యోగం చేస్తూ పొద్దున రెండు గంటలు, ఆదివారం ఆరు గంటలు ఎనిమిది నెలలు చదివినవాళ్లు మా కాలేజీలోనే క్వాలిఫై అయ్యారు.

మనిషిని పిలిచి అడిగే గుమ్మం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను అక్కడి నుంచే వెళ్లాను. ఐఐటీల్లో ఎంఎస్ బై రీసెర్చ్ అని ఉంటుంది. గేట్ స్కోరు, డిగ్రీ మార్కులు చూసి షార్ట్‌లిస్ట్ చేస్తారు. తర్వాత రాత పరీక్షో ఇంటర్వ్యూనో, రెండూనో పెడతారు. దీనికీ కనీస మార్కుల గీత ఉన్న చోట్లుంటాయి, బ్రోషర్ చూసుకోవాల్సిందే. కానీ ఇంటర్వ్యూ గదిలోకి అడుగు పెట్టాక మార్కుల బరువు బాగా తగ్గిపోతుంది.

మాది కొండపి దగ్గర. ఇంట్లో పొగాకు. జనవరి నుంచి మార్చి దాకా బ్యారన్, అంటే ఆకు ఆరబెట్టే కొట్టం, కాలుతుంది, రాత్రుళ్లు ఎవరో ఒకరు కాపలా ఉండాలి. నేను మూడో ఏడాదిలో ఉండగా మా నాన్నకి నడుం ఆపరేషన్ అయింది. ఆ సీజనంతా బ్యారన్ నేనే చూసుకున్నాను. ఆ సెమిస్టర్‌లోనే హీట్ ట్రాన్స్‌ఫర్‌లో 41 మార్కులు. ఇంటర్వ్యూలో నలుగురు కూర్చున్నారు. ఒకాయన మెమో చూస్తూ, "థర్మల్‌లో ఎంఎస్ చేస్తానంటావు, హీట్ ట్రాన్స్‌ఫర్‌లో 41 ఏమిటి?" అన్నారు. ఉన్నది చెప్పాను. ఆయన జాలి పడలేదు. "బ్యారన్ అంటే ఏమిటి? బోర్డు మీద గీయి" అని చాక్‌పీసు ఇచ్చారు.

గీశాను. బయట పొయ్యి, లోపల నేల మీద చుట్టూ తిరిగే ఇనుప గొట్టాలు, చివర చిమ్నీ, పైన వరసలుగా కర్రలకు కట్టిన ఆకు. మొదట్లో వేడి 35, 40 డిగ్రీల దగ్గరే ఉంచి తేమ పోకుండా చూస్తామని, అప్పుడే ఆకు పసుపు తిరుగుతుందని, తొందరపడి వేడి పెంచితే పచ్చగానే ఎండిపోతుందని చెప్పాను. రంగు తిరిగాక గాలి కిటికీలు తెరిచి మెల్లగా పెంచుతూ పోతే, ఈనె ఎండేనాటికి 70 దాకా వెళ్తుందన్నాను. ఆయన అడిగారు: "ఆకులోంచి ఒక టన్ను నీళ్లు పోవాలంటే ఎన్ని కట్టెలు కావాలి?" చేతులు వణుకుతూనే లెక్క వేశాను. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్లు, టన్నుకి 24 లక్షలు. ఎండు కట్టె కిలోకి 15 వేల కిలోజౌళ్లు ఇస్తుందనుకుంటే 160 కిలోలు. "మరి మీ ఇంట్లో 160 కిలోలతో అయిపోతుందా?" అన్నారు. "లేదు సార్, దానికి చాలా రెట్లు కాలుస్తాం" అన్నాను. "మిగతా వేడి ఎక్కడికి పోతోంది?" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్న మీద ఇరవై నిమిషాలు గడిచాయి. గోడలు, రేకుల కప్పు, చిమ్నీలోంచి వేడిగానే పోయే పొగ, పొయ్యి నోటి దగ్గర చొరబడే చల్లగాలి. రెండు చోట్ల తప్పు చెప్పాను, వాళ్లే సరిదిద్దారు. 41 సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వారం తర్వాత సీటు ఇచ్చినట్టు ఉత్తరం వచ్చింది.

ఇది కథలా చదివి వదిలేయొద్దు. గేట్ స్కోరు లేకపోతే ఆ గదిలోకే నన్ను పిలిచేవారు కాదు. 2006లో పిలవలేదు కూడా. లోపలికి వెళ్లాక మాత్రం, నేను రోజూ చూసిన వస్తువుని నేను చదివిన సబ్జెక్టుతో కలిపి మాట్లాడగలిగాను. నీ దగ్గర అలాంటి వస్తువు నా బ్యారన్ కంటే మంచిది ఉంది.

నువ్వు రోజూ చూస్తున్న కట్టర్ బ్లేడుకి డైమండ్ సెగ్మెంట్లు ఉంటాయి కదా. అవి ఎన్ని అడుగుల రాయి కోశాక ఎంత అరుగుతున్నాయో మీ ఫ్యాక్టరీలో ఎవరైనా రాస్తున్నారా? చాలా చోట్ల మేస్త్రీ చెవితో విని, చేత్తో తడిమి మార్చేస్తారు. రేపు ఒక రెండొందల పేజీల నోట్‌బుక్, ఒక వెర్నియర్ కాలిపర్ కొనుక్కో. ఓనర్‌కి చెప్పి అనుమతి తీసుకో. ఒకే బ్లేడు పట్టుకుని ప్రతి షిఫ్టు చివర సెగ్మెంట్ ఎత్తు నాలుగు చోట్ల కొలువు. ఆ రోజు ఏ రాయి కోశారు, బ్లాక్ గెలాక్సీ గ్రానైటా వేరేదా, ఎన్ని చదరపు అడుగులు, మోటారు ఎన్ని ఆంపియర్లు లాగింది, నీళ్లు సరిగా వచ్చాయా, ఇవన్నీ తేదీ వేసి రాయి. మూడు నెలలకి నీ చేతిలో ఒక గ్రాఫ్ ఉంటుంది. నీళ్లు తక్కువైన రోజుల్లో అరుగుదల పెరిగిందో లేదో నీ కొలతలే చెబుతాయి. బాగా రాకపోయినా పరవాలేదు, ఎందుకు రాలేదో చెప్పగలిగితే అదీ రీసెర్చే. ట్రైబాలజీ (రాపిడి, అరుగుదల చదువు), మాన్యుఫాక్చరింగ్ చేసే ప్రొఫెసర్ ముందు ఆ నోట్‌బుక్ పెడితే, తొమ్మిది బ్యాక్‌లాగ్స్ ఉన్న కుర్రాడిని కాదు ఆయన చూసేది, మూడు నెలలు వరసగా కొలతలు తీసిన మనిషిని. నిలబడి చదవగలడా అనే అనుమానానికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

ఇంకో దారి కూడా ఉంది, మనవాళ్లకి అంతగా తెలియదు. ఐఐటీల్లో, పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టుల కోసం ప్రాజెక్ట్ అసోసియేట్లను, అసిస్టెంట్లను తీసుకుంటారు. ఐఐటీ మద్రాసు ప్రకటనలు దాని పరిశోధన ప్రాజెక్టులు చూసే ఐసీ అండ్ ఎస్‌ఆర్ విభాగం వెబ్‌సైట్‌లో వస్తాయి. ప్రాజెక్టుకి ఏ పని వచ్చిన మనిషి కావాలో అదే చూస్తారు కాబట్టి చేతి పని తెలిసినవాడికి అక్కడ విలువ ఉంటుంది. ఏడాది ఒక ల్యాబ్‌లో పని చేస్తే ఆ ప్రొఫెసర్‌కి నీ సంగతి మెమో చూడకుండానే తెలుస్తుంది. ఒంగోల్లో పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నైలో ఉంటావు. ఇంటర్వ్యూకి పిలిస్తే దూరమని మానుకోకు.

రికమెండేషన్ లెటర్ల సంగతి. ప్రిన్సిపాల్ సంతకం ఉంటే బరువని పిల్లలు అనుకుంటారు. నిన్ను ఎరగని ప్రిన్సిపాల్ రాసే నాలుగు పొగడ్తల కంటే, నీ ప్రాజెక్టు చూసిన ల్యాబ్ సార్ రాసే నాలుగు నిజాలు మేలు. "నువ్వే రాసుకొచ్చుకో, సంతకం పెడతాను" అనే మాట చాలామంది పిల్లలకి ఎదురవుతుంది. అలా అంటే ఉత్తరం రాసి తీసుకెళ్లకు. ఒక పేజీలో మీ క్లాసులో ఏం చేశాను, ప్రాజెక్టులో నా భాగమేంటి, సప్లీలు ఎప్పుడు క్లియర్ చేశాను అని తేదీలతో రాసి ఇవ్వు. నా దగ్గరికి అలాంటి పేజీ తెచ్చినవాళ్లకి నేను రాసే ఉత్తరం వేరేగా ఉంటుంది. ఇప్పుడు పనిచేస్తున్న చోట మీ మెయింటెనెన్స్ ఇంచార్జి కూడా రాయొచ్చు.

దరఖాస్తుతో పాటు మన గురించి, ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసిచ్చే ఎస్‌ఓపీలో తక్కువ మార్కుల గురించి రాయాలా వద్దా అని అందరూ టెన్షన్ పడతారు. రాయాలి, మూడు వాక్యాల్లో. ఏం జరిగింది, అది ఎప్పటితో ముగిసింది, తర్వాత ఏం మారిందో చెప్పే రుజువు ఏది. "మొదటి రెండేళ్లలో తొమ్మిది సబ్జెక్టులు తప్పాను. ఫలానా సెమిస్టర్‌కల్లా అన్నీ పూర్తి చేశాను. చివరి మూడు సెమిస్టర్లలో నా సగటు 7.2" అని రాస్తే చాలు. ఎందుకు తప్పావో నాకు రాయలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి ఏడాది పాఠం అర్థం కాలేదా, ఇంట్లో ఇబ్బందా, చదవలేదా? చదవకపోతే చదవలేదనే రాయి. దానికి పేరా అంతా ఖర్చు చేయకు, ఎవరి మీదా నెట్టకు. మిగతా పేజీ అంతా కట్టర్ బ్లేడుకి ఇవ్వు. ఒకే బ్యాచ్ పిల్లలు ముగ్గురు నాకు చూపించిన ఎస్‌ఓపీల్లో, ముగ్గురూ చిన్నప్పుడు రేడియో విప్పి చూసినట్టు ఒకే వాక్యం ఉంది. బయట రాయించుకున్నవి అవి. చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

బయటి దేశాల గురించి కొంత లెక్క చెప్పి ఆపుతాను. జర్మనీ వాళ్లు మన మార్కులని ఒక సూత్రంతో మారుస్తారు. గరిష్ఠ మార్కులోంచి నీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలుపుతారు. పాస్ గ్రేడు 5 అనుకుంటే నీ 6.1కి 3.34 వస్తుంది. అక్కడ 1 గొప్పది, 4 పాసు. చాలా కోర్సులు 2.5 లేదా అంతకంటే మెరుగ్గా అడుగుతాయి, దానికి ఇక్కడ 7.5 ఉండాలి. మన డిగ్రీ పత్రాలు అసలువేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, బ్యాంకులో 11,904 యూరోలు చూపించాలి. నీకు ఇప్పుడు ఆ దేశం మీద డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను.

అమెరికాలో చాలా యూనివర్సిటీలు 4 పాయింట్ల స్కేలు మీద 3.0 గ్రేడు సగటు అడుగుతాయి. కానీ మన 60 శాతాన్ని వాళ్ల 60 శాతంలా చదవరు, మన గ్రేడింగ్ పద్ధతిని బట్టి మార్చి చూస్తారు. పైగా కొన్ని యూనివర్సిటీలు మొత్తం డిగ్రీ బదులు చివరి 60 క్రెడిట్ల సగటు చూస్తాయి. నీ లాంటి మెమోకి అది వరం. దరఖాస్తు చేసే ముందు ఆ యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ ఆఫీస్‌కి ఒక ఈమెయిల్ రాసి అడుగు, జవాబు ఇస్తారు. అక్కడి ప్రవేశానికి రాసే జీఆర్ఈ పరీక్ష స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, దాని లెక్కల భాగం క్వాంట్‌లో మంచి స్కోరు వస్తే లెక్కల మీద అనుమానం తీరుతుంది. అయితే పొలం తాకట్టు పెట్టి లక్షల అప్పుతో వెళ్లే చదువు అది. నా ఉద్దేశంలో నువ్వు ముందు ఇక్కడ స్టైపెండ్‌తో మాస్టర్స్ చేయాలి. దాని మార్కులు బాగుంటే తర్వాత బయట పీహెచ్‌డీకి వెళ్లేటప్పుడు నీ బీటెక్‌ని వెనక్కి తిరిగి చూసేవాళ్లు తక్కువ. నేను చేసిందీ ఇదే కాబట్టి నాకు ఈ దారి మీద మొగ్గు ఉందని తెలిసే చదువుకో.

ఇంట్లోవాళ్లకి ఏం చెప్పాలని అడగలేదు గానీ అడిగినట్టే ఉంది. వాళ్లని ఒప్పించే పని ఇప్పుడు పెట్టుకోకు. ఉద్యోగం మానొద్దు. జీతం ఇంటికి ఇస్తూ ఉండు. గేట్ దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఆ ఫీజు తప్ప ఈ ఏడాది పెద్ద ఖర్చేమీ లేదు. ఫిబ్రవరి తర్వాత స్కోరు కార్డు పట్టుకుని మాట్లాడితే మీ నాన్న వినే తీరు వేరుగా ఉంటుంది.

నీ రెగ్యులేషన్ ఏదో, తొమ్మిది బ్యాక్‌లాగ్స్ ఏ సబ్జెక్టుల్లోనో ఇక్కడే రాయి. అందులో మ్యాథ్స్, మెకానిక్స్ ఉంటే ముందు ఏ పాఠంతో మొదలుపెట్టాలో చెబుతాను. బ్లేడు కొలతలు పది రోజులవి వచ్చాక ఆ పేజీ ఫోటో కూడా పెట్టు. నాలుగు చోట్ల కొలిచినవి నాలుగూ ఒకేలా ఉంటే కాలిపర్ సరిగా పట్టుకోలేదని అర్థం, ఆ సంగతి అప్పుడు చూద్దాం.